బిడ్డకు అరుదైన జన్యువ్యాధి అని రిపోర్ట్ వచ్చాక: ఏది ముందు, ఏది తర్వాత

రిపోర్ట్ చేతికి రాగానే దాదాపు అందరూ చేసే పని ఆ వ్యాధి పేరు ఫోన్‌లో కొట్టి చూడడం. వద్దన్నా ఎవరూ ఆగరు కాబట్టి వద్దని చెప్పం. అయితే ఆ వెతుకులాటలో పడి, తొందరగా జరగాల్సిన పనులు వెనకబడితే నష్టం బిడ్డకే. వ్యాధి పేరు తెలిశాక చేయాల్సినవి చాలా ఉంటాయి. కొన్ని ఈ వారంలోనే కావాలి, కొన్ని ఈ నెలలో, మిగతావాటికి ఏడాది పట్టినా ఇబ్బంది లేదు. ఎక్కువ ఇళ్లలో ఈ వరసే తారుమారవుతుంది. ఎవరివైపు నుంచి వచ్చిందన్న వాదన మొదటి రోజే మొదలవుతుంది. జ్వరమొస్తే ఏ మందు ఇవ్వకూడదో మాత్రం ఎవరూ అడగరు.

డాక్టర్ గదిలో

రిపోర్ట్ వివరించే రోజున ఇద్దరు వెళ్లండి. ఒకరు వినాలి, ఒకరు రాసుకోవాలి. డాక్టర్ ఒప్పుకుంటే మాటలు రికార్డు చేసుకోండి. వ్యాధి పేరు విన్న క్షణం నుంచి చెప్పేవి సగం కూడా తలకెక్కవు. అందుకే ఒకటి రెండు వారాల్లో మళ్లీ కలవడానికి ఆ రోజే అపాయింట్‌మెంట్ తీసుకుని బయటికి రండి. జెనెటిక్ కౌన్సెలర్ (జన్యు పరీక్ష ఫలితాన్ని కుటుంబానికి విడమరిచి చెప్పే నిపుణులు) అందుబాటులో ఉంటే ఆ రెండో మాటామంతీ వారితో జరగడం మంచిది. మొదటి రోజు మాత్రం ఈ ఐదింటికి జవాబు లేకుండా గది దాటొద్దు.

1. ఇది నిర్ధారణ అయిన వ్యాధా, ఇంకా అనుమానమేనా?
2. జ్వరం, వాంతులు, తిండి మానేయడం లాంటివి ఈ వ్యాధిలో ప్రాణం మీదికి తెస్తాయా? ఖాళీ కడుపుతో ఎంతసేపు ఉండొచ్చు?
3. ఇవ్వకూడని మందులు, మత్తుమందులు, టీకాలు ఉన్నాయా?
4. త్వరగా మొదలుపెడితేనే పనిచేసే చికిత్స ఉందా? దానికి వయసు, బరువు పరిమితి ఉందా?
5. తోబుట్టువులకు గానీ, కడుపులో ఉన్న బిడ్డకు గానీ వెంటనే పరీక్ష అవసరమా?

"ఎన్నేళ్లు బతుకుతుంది?" అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. దాన్ని కాస్త మార్చి అడిగితే పనికొచ్చే జవాబు దొరుకుతుంది. అరుదైన వ్యాధుల మీద మొదట వచ్చే వ్యాసాల్లో ఎక్కువగా తీవ్రంగా జబ్బుపడిన పిల్లలే ఉంటారు. ఎందుకంటే ముందుగా ఆస్పత్రికి చేరి పరీక్ష చేయించుకునేది వాళ్లే. స్వల్ప లక్షణాలున్నవాళ్లు పరీక్షలు విస్తరించాక, ఏళ్ల తర్వాత లెక్కలోకి వస్తారు. కాబట్టి సగటు అడగకండి. "తేలిగ్గా ఉన్నవాళ్లు ఎలా ఉన్నారు, తీవ్రంగా ఉన్నవాళ్లు ఎలా ఉన్నారు, మా బిడ్డలోని మార్పు ఎటువైపు ఉండే అవకాశం ఉంది?" అని అడగండి. ఆ మూడో ప్రశ్నకు "చెప్పలేం" అనేది చాలాసార్లు నిజాయితీ గల జవాబే.

ఈ వారం: ప్రాణాపాయం సంగతి

జన్యువ్యాధులన్నీ అత్యవసరం కావు. కానీ కొన్ని మెటబాలిక్ వ్యాధుల్లో (తిన్నదాన్ని శరీరం వాడుకునే ప్రక్రియలో లోపం ఉన్నవి) మామూలు జ్వరం కూడా గంటల్లో కోమా దాకా తీసుకుపోగలదు. కారణం ఇది: తిండి లోపలికి పోనప్పుడు శరీరం తన కొవ్వునూ ప్రొటీన్‌నూ కరిగించుకుని శక్తి తెచ్చుకుంటుంది. ఆ కొవ్వును వాడుకునే ఎంజైమ్ లేకపోతే (ఎమ్‌సీఏడీ లోపం లాంటివి) శక్తి అందదు. ప్రొటీన్ కరిగితే పుట్టే అమోనియాను వదిలించుకునే దారి మూసుకుపోయి ఉంటే (యూరియా సైకిల్ వ్యాధులు) అది మెదడుకు విషమవుతుంది. క్యాజువాలిటీలో చూసేవారికి ఆ బిడ్డ వాంతులు, నీరసంతో వచ్చిన మామూలు కేసులాగే కనిపిస్తుంది. వరసలో కూర్చోబెడతారు. ఎమ్‌సీఏడీ లోపంలో రక్తంలో చక్కెర ఇంకా మామూలుగా ఉండగానే బిడ్డ మగతలోకి జారవచ్చు. అందుకే ఒక్కసారి చక్కెర చూసి "బాగానే ఉంది" అని ఇంటికి పంపడం ప్రమాదం.

అమోనియా పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. రక్తం ధారాళంగా వచ్చేలా తీసి, ఐస్‌లో పెట్టి, వెంటనే ల్యాబ్‌కు పంపాలి. బయట వదిలేస్తే ట్యూబులోనే అమోనియా పెరిగి లేనిపోని అంకె వస్తుంది. మళ్లీ పరీక్ష, మళ్లీ ఆలస్యం.

మందుల విషయం అన్నిటికంటే ముఖ్యం. మెటబాలిక్ కాని వ్యాధులకూ ఇది వర్తిస్తుంది. పీఓఎల్‌జీ జన్యువు దెబ్బతిన్న బిడ్డకు ఫిట్స్ వస్తే సోడియం వాల్‌ప్రొయేట్ ఇవ్వకూడదు, లివర్ పాడై ప్రాణం పోవచ్చు. పసితనంలోనే తీవ్రమైన ఫిట్స్ మొదలయ్యే డ్రావెట్ సిండ్రోమ్‌లో కార్బమజెపైన్, ఫెనిటాయిన్ లాంటి సోడియం చానెల్ మందులు రోజూ వాడితే ఫిట్స్ తగ్గకపోగా పెరుగుతాయి. డుషెన్ కండరాల వ్యాధి ఉన్న బిడ్డకు ఆపరేషన్ సమయంలో సక్సినైల్‌కోలిన్ ఇస్తే పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగిపోవచ్చు. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా డీఎన్‌ఏలోని ఒక ప్రత్యేక మార్పు ఉన్నవారికి జెంటమైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు మామూలు మోతాదులోనే చెవుడు తెస్తాయి. ఎమ్‌పీఎస్ వ్యాధుల్లో (ఎంజైమ్ లోపం వల్ల కొన్ని పదార్థాలు కణాల్లో పేరుకుపోయేవి) శ్వాసనాళంలోకి గొట్టం వేయడమే కష్టం, కాబట్టి పంటి ఆపరేషన్‌కు కూడా అనుభవమున్న ఎనస్తీషియా బృందం కావాలి. తీవ్ర రోగనిరోధక లోపం, అంటే స్కిడ్, ఉన్న బిడ్డకు బీసీజీ, రోటావైరస్ లాంటి ప్రాణమున్న టీకాలు వేయకూడదు.

దీన్ని చూసి టీకాలన్నీ ఆపేసే కుటుంబాలు ఉన్నాయి. అది తప్పు. చాలా జన్యువ్యాధుల్లో టీకా కంటే, టీకా ఆపగలిగిన ఇన్‌ఫెక్షనే బిడ్డను ఎక్కువగా దెబ్బతీస్తుంది. ఏ టీకా వద్దో డాక్టర్ చేత రాతలో తీసుకోండి. మిగతావి టైముకు వేయించండి.

ఇదంతా ఒక ఎమర్జెన్సీ లెటర్‌గా మారాలి. ఒకే పేజీ, డాక్టర్ సంతకం, తేదీ. మొదటి వాక్యం వ్యాధి చరిత్ర కాకూడదు, చేయాల్సిన పని కావాలి: "ఈ బిడ్డను వరసలో ఆపకండి, వెంటనే ఈ డ్రిప్ మొదలుపెట్టండి" అన్నట్టు. ఆ తర్వాత వ్యాధి పేరు, బరువు, ఆ బరువుకు మోతాదులు, తీయాల్సిన రక్తపరీక్షలు, ఇవ్వకూడని మందులు, రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు. ఈ లెటర్‌లో తరచూ చెడేది బరువు దగ్గరే. బిడ్డ పెరుగుతుంది, కాగితం పెరగదు. ఏడాదిలోపు పిల్లలకు రెండు మూడు నెలలకోసారి, పెద్ద పిల్లలకు ఆరు నెలలకోసారి మోతాదులు మళ్లీ లెక్కకట్టించండి. ఫోన్‌లో ఫోటో, బడి బ్యాగులో ఒక కాపీ, బిడ్డను చూసుకునే ప్రతి ఇంట్లో ఒకటి ఉండాలి. డాక్టర్‌కు ఆ వ్యాధి కొత్తదైతే, మెటబాలిక్ వ్యాధులకు బ్రిటన్‌లోని బీఐఎమ్‌డీజీ బృందం పెట్టిన అత్యవసర సూచనలు, ఇతర వ్యాధుల్లో కొన్నింటికి అరుదైన వ్యాధుల సమాచార వేదిక ఆర్ఫానెట్ ఇచ్చినవి ఉచితంగా దొరుకుతాయి. వాటిని ప్రింట్ తీసి చూపించండి.

గడువున్న చికిత్సలు

"దీనికి చికిత్స లేదు" అన్న మాటను అక్కడితో వదలకండి. వ్యాధిని పూర్తిగా పోగొట్టే మందు లేదనా, చేయగలిగింది ఏమీ లేదనా? రెండూ ఒకటి కావు. వ్యాధి పోకపోయినా దాని వల్ల వచ్చే ఫిట్స్‌కు, మింగడంలో ఇబ్బందికి, నిద్రలో ఊపిరి ఆగడానికి, వినికిడి లోపానికి విడివిడిగా వైద్యం ఉంటుంది.

కొన్నిటికి అసలు చికిత్సే చాలా సులువు. బయోటినిడేజ్ లోపానికి రోజూ నోటితో తీసుకునే బయోటిన్ అనే విటమిన్ చాలు. కానీ ఆలస్యమై చూపు, వినికిడి దెబ్బతిన్నాక మొదలుపెడితే అవి చాలావరకు తిరిగి రావు. పిరిడాక్సిన్ మీద ఆధారపడే ఫిట్స్‌కు విటమిన్ బి6, మెదడుకు గ్లూకోజ్ సరిగా చేరని గ్లూట్1 లోపానికి కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు చాలా తక్కువ ఉండే కీటోజెనిక్ ఆహారం. ప్రొటీన్‌లోని ఫినైల్‌అలనిన్‌ను శరీరం వదిలించుకోలేని పీకేయూకు ప్రొటీన్‌ను కొలిచి పెట్టే ప్రత్యేక ఆహారం పుట్టిన తొలి రోజుల్లోనే మొదలవ్వాలి.

ఖరీదైన కొత్త చికిత్సలకూ ఇదే సూత్రం. వెన్నులోని నాడీకణాలు చచ్చిపోయి కండరాలు బలహీనపడే ఎస్‌ఎమ్‌ఏలో నుసినర్సెన్ 2016లో, ఒక్కసారే ఇచ్చే జన్యుచికిత్స 2019లో, నోటిమందు రిస్డిప్లామ్ 2020లో అమెరికాలో అనుమతి పొందాయి. మూడూ చచ్చిపోయిన నాడీకణాలను తిరిగి తేలేవు, మిగిలినవాటిని కాపాడతాయి. అందుకే అక్కడ ఒక్కో వారానికీ విలువుంది. మెదడులోని తెల్లపదార్థం క్రమంగా దెబ్బతినే ఎమ్‌ఎల్‌డీలో జన్యుచికిత్స ప్రధానంగా లక్షణాలు మొదలుకాని పిల్లలకే. అప్పటికే నడక తప్పిన పెద్ద బిడ్డకు దారి మూసుకుపోయినా, పైకి ఆరోగ్యంగా ఉన్న చిన్న బిడ్డకు పరీక్ష చేస్తే తెరిచి ఉండొచ్చు. ఎంజైమ్‌ను రక్తంలోకి ఎక్కించే చికిత్సలు గోషే, పోంపే, ఎమ్‌పీఎస్ లాంటి ఎంజైమ్ లోపాల్లో ఉన్నాయి. అయితే అలా ఎక్కించిన ఎంజైమ్ మెదడులోకి పెద్దగా చేరదు. శరీరం మెరుగుపడినంతగా మెదడు ఎందుకు మెరుగుపడలేదన్న నిరాశకు మూలం అదే. మొదలుపెట్టే ముందే ఈ సంగతి అడిగి తెలుసుకోండి.

ఫిజియోథెరపీ, మాట నేర్పే థెరపీ, మింగడం పరీక్ష లాంటివాటికి రిపోర్ట్ పూర్తిగా ఖాయం కావాల్సిన పనిలేదు. బిడ్డకు ఏది కష్టమవుతోందో దాన్నిబట్టి వెంటనే మొదలుపెట్టొచ్చు.

ఈ నెల: రిపోర్ట్‌ను పరీక్షకు పెట్టడం

సారాంశం ఉన్న ఒక్క పేజీ సరిపోదు, పూర్తి రిపోర్ట్ తీసుకోండి. పేరు, పుట్టినతేదీ, శాంపిల్ వివరాలు సరిచూడండి. శాంపిళ్లు తారుమారైన సందర్భాలు అరుదే గానీ లేకపోలేదు. పెద్ద నిర్ణయం తీసుకునే ముందు ఆ మార్పును వేరే పద్ధతిలో, తరచుగా శాంగర్ సీక్వెన్సింగ్‌తో, ధ్రువీకరించారా అని అడగండి.

తర్వాత చూడాల్సినవి: జన్యువు పేరు, 'సి.'తో మొదలయ్యే కోడ్ (డీఎన్‌ఏలో ఎక్కడ మారింది), 'పి.'తో మొదలయ్యే కోడ్ (ప్రొటీన్‌లో ఏం మారింది). ఉదాహరణకు ఎముకలు పొట్టిగా పెరిగే ఎకాండ్రోప్లేసియాలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లో 380వ చోట గ్లైసీన్ బదులు ఆర్జినిన్ వచ్చి ఉంటుంది. ఈ రెండు కోడ్‌లనూ అక్షరం పొల్లుపోకుండా ఫైల్లో రాసిపెట్టుకోండి. ముందుముందు కొత్త చికిత్సలను పరీక్షించే ట్రయల్ వాళ్లయినా, పరిశోధకులైనా మొదట అడిగేది అవే.

ఆ పక్కనే వర్గీకరణ ఉంటుంది. 2015లో అమెరికా జన్యువైద్యుల సంస్థ ఏసీఎమ్‌జీ రూపొందించిన ఐదు మెట్లే చాలా ల్యాబులు వాడతాయి: పాథోజెనిక్ (హానికరం), లైక్లీ పాథోజెనిక్ (బహుశా హానికరం), వీయూఎస్, లైక్లీ బినైన్ (బహుశా హానిలేనిది), బినైన్ (హానిలేనిది). రెండో మెట్టులోని 'లైక్లీ' అంటే 90 శాతం పైన నమ్మకం అని. మూడోదైన వీయూఎస్ దగ్గరే ఎక్కువ మంది బోల్తాపడతారు. వీయూఎస్ అంటే ఆ మార్పు హానికరమో కాదో ఇంకా తేలలేదని మాత్రమే. దాన్ని వ్యాధి నిర్ధారణగా తీసుకోకూడదు, దాని ఆధారంగా గర్భంలోని బిడ్డకు పరీక్ష చేయించకూడదు. ఇలాంటి మార్పుల్లో తర్వాత తేలినవి ఎక్కువ భాగం హానిలేనివిగానే తేలాయి. తేల్చడానికి దారులున్నాయి: తల్లిదండ్రుల పరీక్ష, ఎంజైమ్ పరీక్ష, రక్తం లేదా మూత్రంలో ఆ వ్యాధికి గుర్తుగా ఉండే పదార్థాలు, కుటుంబంలో జబ్బున్న మరొకరిలో అదే మార్పు ఉందో లేదో చూడడం.

తల్లిదండ్రుల పరీక్ష డబ్బు దండగ అనుకోవద్దు. ఆటోసోమల్ రిసెసివ్ వ్యాధిలో (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువు రెండు కాపీలూ దెబ్బతింటేనే వచ్చేది) రెండు మార్పులు కనిపిస్తే, ఒకటి తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి వచ్చి ఉండాలి. రెండూ ఒకరి నుంచే వచ్చి ఒకే కాపీ మీద ఉంటే రెండో కాపీ బాగున్నట్టే, ఆ వ్యాధికి కారణం వేరే అయ్యుండొచ్చు. ఒకే మార్పు రెండు కాపీల్లోనూ ఉన్నట్టు కనిపిస్తే, తల్లిదండ్రుల్లో ఒకరిలో మాత్రమే అది దొరికినప్పుడు, రెండో కాపీలో ఆ ముక్కే ఎగిరిపోయిందేమో చూడాలి. ఈ పరీక్షల్లో తండ్రి వేరని, లేదా తల్లిదండ్రులు దగ్గరి రక్తసంబంధీకులని బయటపడే వీలుంది. అలాంటివి తెలిస్తే ల్యాబ్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది సంతకం పెట్టేముందే అడగండి.

రిపోర్ట్ 'నెగెటివ్' అని వచ్చినా జన్యువ్యాధి లేదని అర్థం కాదు. ఎక్సోమ్ పరీక్ష చూసేది ప్రొటీన్ కోడ్ ఉన్న భాగాన్నే. మొత్తం డీఎన్‌ఏలో అది ఒకటి రెండు శాతం. ఫ్రాజైల్ ఎక్స్, ఫ్రీడ్రిక్ అటాక్సియా లాంటివి ఒకే ముక్క పదేపదే రిపీట్ కావడం వల్ల వస్తాయి, మామూలు ఎక్సోమ్ వాటిని పట్టదు. ప్రాడర్ విల్లీ, ఏంజల్‌మన్‌లకు డీఎన్‌ఏ మీది రసాయన గుర్తులను చూసే మిథైలేషన్ పరీక్ష కావాలి. ఎస్‌ఎమ్‌ఏలో ఎస్‌ఎమ్‌ఎన్1 జన్యువుకు దాదాపు కవల లాంటి ఎస్‌ఎమ్‌ఎన్2 పక్కనే ఉండడంతో ఎక్సోమ్ తికమకపడుతుంది. డుషెన్‌లో ఎక్కువ శాతం జన్యువు ముక్కలు ఎగిరిపోవడమో రెట్టింపవడమో కాబట్టి ముందు ఆ ముక్కల లెక్క చూసే ఎమ్‌ఎల్‌పీఏ పరీక్ష చేస్తారు. బిడ్డ లక్షణాలకు సరిపోయే వ్యాధిని ఆ పరీక్ష పట్టగలదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

ల్యాబ్ నుంచి ముడి డేటా కూడా అడిగి తీసుకుని రెండు చోట్ల దాచండి. ఫాస్ట్‌క్యూ లేదా బ్యామ్ ఫైలు (యంత్రం చదివిన డీఎన్‌ఏ), దాంతోపాటు వీసీఎఫ్ (దొరికిన మార్పుల జాబితా). కొన్నేళ్ల తర్వాత ల్యాబులు వాటిని తీసేయవచ్చు. కొత్త జన్యువులు ఏటా బయటపడుతూనే ఉంటాయి, అందుకే జవాబు దొరకని రిపోర్ట్‌ను ఏడాదికో రెండేళ్లకో మళ్లీ విశ్లేషించమని అడగాలి. ల్యాబ్ తనంతట తాను చేసి ఫోన్ చేస్తుందని కూర్చోవద్దు. ఆ మధ్యలో బిడ్డలో కొత్త లక్షణం ఏదైనా కనిపిస్తే అది కూడా రాసి పంపండి. దానివల్ల కూడా విశ్లేషణ మారొచ్చు.

ఇంట్లో మిగతావాళ్లు

రిసెసివ్ వ్యాధిలో తల్లిదండ్రులిద్దరూ క్యారియర్‌లైతే (తమకు జబ్బు లేకుండా ఒక కాపీలో మార్పును మోసేవాళ్లు) ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. 'నలుగురిలో ఒకరికి' అన్నప్పుడు ఒకరికి వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురూ క్షేమం అనుకునేవారున్నారు. అలా కాదు, లెక్క ప్రతిసారీ మొదటి నుంచే. ఎక్స్ క్రోమోజోమ్ వ్యాధిలో తల్లి క్యారియర్ అయితే ప్రతి కొడుకుకూ వ్యాధి వచ్చే అవకాశం 50 శాతం, ప్రతి కూతురూ క్యారియర్ అయ్యే అవకాశం 50 శాతం. బిడ్డలోనే కొత్తగా పుట్టిన మార్పు, అంటే డీ నోవో, అయితే మళ్లీ వచ్చే అవకాశం ఒక శాతం చుట్టూ ఉంటుందని చెబుతారు. సున్నా అని చెప్పరు. రక్తంలో కనిపించకపోయినా తల్లి అండాల్లోనో తండ్రి వీర్యకణాల్లోనో కొన్నిట్లో ఆ మార్పు ఉండొచ్చు. డుషెన్‌లో ఈ అవకాశం ఇంకా ఎక్కువ. తల్లి రక్తపరీక్ష మామూలుగా వచ్చినా తర్వాతి గర్భంలో పరీక్ష ఇవ్వజూపుతారు.

మళ్లీ బిడ్డ కావాలనుకుంటే, గర్భం రాకముందే రిపోర్ట్ తేలి ఉండాలి. మాయ నుంచి చిన్న ముక్క తీసి చూసే కోరియానిక్ విల్లస్ పరీక్ష సాధారణంగా 11 నుంచి 14 వారాల మధ్య, ఉమ్మనీటి పరీక్ష 15 వారాలు దాటాక. పిండాన్ని గర్భంలో పెట్టకముందే చూసే పీజీటీ-ఎమ్‌కు ఆ కుటుంబం కోసం ప్రత్యేకంగా పరీక్ష తయారుచేయాలి కాబట్టి నెలలు పట్టొచ్చు. ఇప్పటికే గర్భం ఉంటే ఈ పని ఈ నెలలోది కాదు, ఈ వారంలోది.

తోబుట్టువుల విషయంలో ఒకటే గీటురాయి: ఇప్పుడు తెలిస్తే ఇప్పుడే చేయగలిగింది ఉందా? ఉంటే (ఎస్‌ఎమ్‌ఏ, ఎమ్‌ఎల్‌డీ, ఎడ్రినల్ గ్రంథి దెబ్బతినే ఏఎల్‌డీ) వెంటనే పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ క్యారియరా కాదా అన్న కుతూహలం కోసమైతే, పెద్దయ్యాక తనే నిర్ణయించుకోనివ్వాలని జన్యువైద్యులు అంటారు. మేమూ అదే అంటాం.

బంధువులకు చెప్పడం నోటిమాటగా చేస్తే కథ మారిపోతుంది. కౌన్సెలర్ చేత ఒక లెటర్ రాయించండి: వ్యాధి పేరు, జన్యువు, మార్పు కోడ్, ఎవరికి పరీక్ష ఉపయోగం. బిడ్డ పేరు అందులో ఉండక్కర్లేదు. ఇక తప్పు ఎవరిదన్న గొడవకు చెప్పాల్సింది ఇంతే: హానికరమైన రిసెసివ్ మార్పులు కొన్నైనా మోయని మనిషి దాదాపు ఉండరు.

వెతకడం, గ్రూపులు, వలలు

చదవాలనుకుంటే జీన్‌రివ్యూస్ వెబ్‌సైట్‌తో మొదలుపెట్టండి. ఉచితం, నిపుణులు రాసి అప్‌డేట్ చేస్తుంటారు. అందులో మూడు భాగాలు చాలు: దూరంగా ఉంచాల్సిన మందులు-పరిస్థితులు, క్రమం తప్పకుండా చేయాల్సిన పరీక్షలు, ప్రమాదంలో ఉన్న బంధువుల పరీక్ష. ఈ మూడూ ప్రింట్ తీసి పిల్లల డాక్టర్‌కు ఇవ్వండి. మీ మార్పు గురించి ఇతర ల్యాబులు ఏమన్నాయో క్లిన్‌వార్ అనే డేటాబేస్‌లో కనిపిస్తుంది. కొత్తగా కనుగొన్న జన్యువైతే, అదే జన్యువున్న మరో కుటుంబాన్ని వెతకడానికి డాక్టర్ జీన్‌మ్యాచర్ వెబ్‌సైట్‌లో నమోదు చేయొచ్చు.

అదే వ్యాధి ఉన్న కుటుంబాల గ్రూపులు రోజువారీ సంగతుల్లో బంగారం. ఏ కుర్చీ నప్పుతుంది, ట్యూబు ద్వారా తినిపించడం ఎలా, బడిలో ఏం అడగాలి అన్నవి అక్కడే దొరుకుతాయి. మందు మోతాదులు మాత్రం అక్కడి నుంచి తెచ్చుకోకండి. ఒకే వ్యాధి పేరు కింద ఉన్న ఇద్దరు పిల్లల్లో మార్పులు వేరై ఉండొచ్చు.

ట్రయల్‌ల జాబితా ఉండే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో పేరు కనిపించినంత మాత్రాన ఆ చికిత్సను ఎవరో ఆమోదించినట్టు కాదు. ట్రయల్ నడిపేవారు తామే వివరాలు నమోదు చేస్తారు. పరీక్షిస్తున్న చికిత్సకు మిమ్మల్నే భారీగా డబ్బు కట్టమంటే, ఒకే స్టెమ్ సెల్ ఇంజెక్షన్ పది రకాల వ్యాధులకు పనిచేస్తుందంటే, ఫలితాలుగా వీడియోలే చూపిస్తే వెనక్కి వచ్చేయండి. అసలైన ట్రయల్‌లో చేరేముందు కూడా ఒకటి అడగాలి: దీనిలో చేరితే రేపు వచ్చే మరో చికిత్సకు అర్హత పోతుందా? జన్యువును మోసుకెళ్లే ఏఏవీ వైరస్ ద్వారా ఇచ్చే జన్యుచికిత్స ఒకసారి తీసుకుంటే శరీరంలో దానికి యాంటీబాడీలు తయారై, అదే రకం వైరస్‌తో వచ్చే ఇంకో చికిత్స సాధారణంగా సాధ్యం కాదు.

చివరగా ఫైలు. ముందు ఎమర్జెన్సీ లెటర్, తర్వాత పూర్తి జన్యు రిపోర్ట్, మందుల పట్టిక, స్కాన్‌లు, ఎత్తు బరువుల నమోదు. ఎకాండ్రోప్లేసియా, టర్నర్ లాంటి వాటికి ప్రత్యేక ఎదుగుదల చార్టులున్నాయి, మామూలు చార్టుతో పోల్చి కంగారుపడొద్దు. క్రమం తప్పని పరీక్షలను క్యాలెండర్‌లో ఎక్కించండి. పొట్టలో కణితుల ముప్పున్న బెక్విత్ వీడెమన్‌లో పొట్ట స్కాన్ మూడు నెలలకోసారి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉబ్బే ముప్పున్న మార్ఫాన్‌లో గుండె ఎకో సాధారణంగా ఏటా. బిడ్డ బాగా ఆడుకుంటోందని ఈ స్కాన్‌లు వాయిదా వేయొద్దు. అవి పెట్టిందే లక్షణాలు కనిపించకముందు పట్టుకోవడానికి.